హైదరాబాద్‌లో పోర్షే 911, పాత ఆడి టీటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గర 2009 నాటి ఆడి టీటీ ఉంది. అది రెండో తరం బండి, 200 పిఎస్ (దాదాపు 200 హార్స్‌పవర్) పెట్రోలు ఇంజను, శక్తి ముందు చక్రాలకే అందుతుంది. ఆరేళ్ళ క్రితం సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ 09 అనే ఉంటుంది. మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర 992 తరానికి చెందిన పోర్షే 911 కరెరా ఉంది. అన్నయ్య నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు కాబట్టి, బ్యాటరీ దిగిపోకుండా, టైర్లు ఒకేచోట బరువు మోసి చదునుపడకుండా దాన్ని బయటికి తీసి తిప్పే పని నాకు అప్పగించాడు. రెండు బండ్లనూ ఒకే వీధుల్లో, ఒకే సెల్లార్‌లో నడిపిన అనుభవం ఉండటంతో, కొనాలనుకునే బంధువులూ సహోద్యోగులూ నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి నేను ఇచ్చే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

అసలు ఈ రెండింటినీ పోల్చడం సబబేనా? ధరలోనే నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది కదా?

ధర ప్రకారం చూస్తే పోలిక లేదు. 992 తరం 2019లో మన దేశానికి వచ్చినప్పుడు కరెరా ఎస్ (కరెరా కంటే ఒక మెట్టు పైది) ఎక్స్-షోరూమ్ ధర 1.82 కోట్ల రూపాయలు. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే అది ఎక్కడికో పోతుంది. పాత టీటీ సెకండ్‌హ్యాండ్ ధర 911కు కట్టే ట్యాక్సు కంటే కూడా తక్కువగా ఉంటుంది. అయినా ఈ పోలిక అవసరమని నేను అనుకోవడానికి కారణం ఉంది. రెండు తలుపుల బండి మీద మనసుపడ్డ మనిషి ముందు ఈ నగరంలో సాధారణంగా రెండు దారులే ఉంటాయి: ఇంకొన్నేళ్ళు కూడబెట్టి, అవసరమైతే అప్పు చేసి పెద్ద బండికి వెళ్ళడం, లేదా చేతిలో ఉన్న డబ్బుతో పాత కూపే తెచ్చుకుని దాన్ని బాగుచేసుకోవడం.

కొలతలు చూస్తే ఇవి మనం అనుకున్నంత దూరపు చుట్టాలు కూడా కావు. రెండూ ముందు ఇద్దరు పెద్దలు, వెనక ఇద్దరు పిల్లలు పట్టే బండ్లే. టీటీ వెడల్పు 1,842 మిల్లీమీటర్లు, 911 వెడల్పు 1,852 మిల్లీమీటర్లు. అంటే తేడా ఒక్క సెంటీమీటరు. ముందు చక్రాల ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరమైతే టీటీలోనే ఎక్కువ: 2,468 మిల్లీమీటర్లు, 911లో 2,450. పొడవులో మాత్రం 911 దాదాపు 34 సెంటీమీటర్లు పెద్దది, ఎందుకంటే ఇంజను వెనక ఇరుసు దాటి వేలాడుతూ ఉంటుంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 901 అనే పేరుతో చూపించి, మధ్యలో సున్నా వచ్చే మూడంకెల పేర్లు తనవని ప్యూజో అభ్యంతరం చెప్పడంతో 911గా మార్చిన నాటి నుంచి ఆ ఇంజను అక్కడే ఉంది. 1998లో మొదలైన టీటీ మాత్రం ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ పునాది మీద కట్టిన బండి. ఈ ఒక్క విషయం దాని బలం, బలహీనత, సర్వీసు ఖర్చు అన్నింటినీ వివరిస్తుంది.

కాగితం మీద తేడా ఎంత?

మా టీటీలో 1,984 సీసీ నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను 200 పిఎస్ శక్తినీ 280 న్యూటన్ మీటర్ల టార్కునూ (చక్రాలను తిప్పే బలాన్ని) ఇస్తుంది. డబుల్ క్లచ్ గేర్‌బాక్సుతో (రెండు క్లచ్‌లతో గేర్లు తనంతట తానే మార్చుకునేది) వంద కిలోమీటర్ల వేగాన్ని 6.4 సెకన్లలో అందుకుంటుంది, గరిష్ఠ వేగం 240 కిలోమీటర్లు. అన్నయ్య 911లో మూడు లీటర్ల, రెండు టర్బోల, ఆరు సిలిండర్ల ఇంజను 385 పిఎస్, 450 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అది వందను 4.2 సెకన్లలో అందుకుని 293 దాకా వెళుతుంది. బరువులో 911 ఎక్కువే, సుమారు 1,505 కిలోలు. టీటీ అంతకు రెండు వందల కిలోల పైన తేలిక. టన్నుకు లెక్కిస్తే 911కు దాదాపు 256 పిఎస్, టీటీకి 156 పిఎస్ వస్తాయి.

వంద చేరడానికి పట్టే సమయంలో తేడా 2.2 సెకన్లు. చదవడానికి చిన్న అంకెగా కనిపించినా సీట్లో కూర్చున్నప్పుడు అది చిన్నది కాదు. టీటీలో యాక్సిలరేటర్ తొక్కితే బండి పరుగు అందుకున్నట్టు ఉంటుంది. 911లో తొక్కితే వెనక నుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టు వీపు సీటుకు అంటుకుపోతుంది. మొదటిసారి నాకు మాట రాలేదని నిజాయితీగా ఒప్పుకుంటున్నాను.

ఆ బలాన్ని హైదరాబాద్‌లో ఎక్కడ వాడుకోగలం?

ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోకుండా కొనడానికి వెళ్ళవద్దని నా మనవి.

నగరం లోపల ఆ అవకాశం దాదాపు లేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడ్డాక ముందున్న ఆటో ఎంత వేగంతో కదిలితే 911 కూడా అంతే వేగంతో కదులుతుంది. పంజాగుట్ట, అమీర్‌పేట, మెహిదీపట్నం దారుల్లో సాయంత్రం ఆరింటికి రెండు బండ్లూ సమానమే. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద రాత్రి పదకొండు తరువాత దారి ఖాళీగా కనిపిస్తుంది గాని, ఫొటోల కోసం పక్కన ఆగే జనం ఎక్కడ రోడ్డు మీదికి అడుగు వేస్తారో తెలియదు. అక్కడ వేగం చూపించాలనుకునే వారిని నేను ఏ విధంగానూ సమర్థించను.

మిగిలింది ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్ల పొడవు, ఎనిమిది వరుసలు, ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు; 2023లో గరిష్ఠ వేగ పరిమితిని వంద నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. కోకాపేట దగ్గర ఎక్కి శంషాబాద్ వైపు వెళుతున్నప్పుడు 911 మూడో గేరు పూర్తికాకముందే ఆ పరిమితిని దాటగలదు, పైన ఇంకా ఐదు గేర్లు మిగిలి ఉంటాయి. అంటే కోటిన్నర పైన పోసి కొన్న శక్తిలో అధిక భాగం చట్టప్రకారం వాడుకోలేనిదే. టీటీ విషయంలో నాకు నచ్చే చిన్న వివరం ఒకటి ఉంది: దాని వెనక రెక్క 120 కిలోమీటర్ల వేగం దగ్గర దానంతట అదే పైకి లేస్తుంది. అద్దంలో ఆ రెక్క అంచు కనిపించిందంటే కాలు తీయాలని అర్థం; స్పీడోమీటరు చూడాల్సిన పని కూడా ఉండదు.

120 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 33 మీటర్లు ముందుకు పోతుంది, 180లో 50 మీటర్లు. ఔటర్ మీద ఆగి ఉన్న లారీలు, టైరు మార్చుకుంటూ పక్కన నిలబడ్డ కుటుంబాలు, కంచె సందులోంచి వచ్చే పశువులు అన్నీ నేను చూసినవే. బ్రేకు మీద కాలు పడేలోపు ఎన్ని మీటర్లు గడిచిపోతాయో లెక్కవేసుకుంటే 911 బ్రేకులు ఎంత గొప్పవైనా ఆ దూరాన్ని తిరిగి ఇవ్వలేవని అర్థమవుతుంది.

మరి వారాంతపు దారుల్లో ఏది బాగుంటుంది?

చేవెళ్ళ దారిలో మర్రిచెట్ల కింద నుంచి వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్ళే ఉదయాలు నాకు చాలా ఇష్టం, ఆ దారికి టీటీయే సరిపోతుందని నా అభిప్రాయం. దాని బలంలో ఎక్కువ భాగాన్ని చట్టానికి లోబడే వాడుకోవచ్చు. మలుపులో స్టీరింగు తిప్పుతుంటే బండి తన శక్తి మేరకు కష్టపడుతోందని తెలుస్తుంది. అదే మలుపులో 911 నిద్రలో నడుస్తున్నట్టు సునాయాసంగా పోతుంది. దాన్ని మేల్కొలిపే వేగం ఆ రోడ్డు మీద తగదు.

శ్రీశైలం దారి సంగతి వేరు. తుక్కుగూడ దాటి మన్ననూరు చేరాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అక్కడ రాకపోకలు ఆపివేస్తారు. అడవి గుండా నెమ్మదిగానే వెళ్ళాలి. ఈగలపెంట దాటాక ఘాట్‌లో దిగేటప్పుడు మాత్రం 911 స్టీరింగు ఎంత కచ్చితమైనదో చేతులకు తెలిసివస్తుంది. ముందు భాగంలో ఇంజను బరువు లేకపోవడంతో ముక్కు ఎటు చూపిస్తే అటు తిరుగుతుంది. ఆ పది పన్నెండు మలుపులలో 911 ఎందుకు 911 అయిందో నాకు పూర్తిగా అర్థమైంది.

రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళవచ్చా? ట్రాఫిక్‌లో గేర్‌బాక్సు పాడవదా?

రెండింటినీ తీసుకెళ్ళవచ్చు. డబుల్ క్లచ్ అనగానే మన దగ్గర చాలామంది భయపడటానికి కారణం ఆడి ఉన్న ఫోక్స్‌వాగన్ గ్రూపు చిన్న కార్లలో వచ్చిన ఏడు గేర్ల పొడి క్లచ్ గేర్‌బాక్సు. పాత టీటీ రెండు లీటర్ల ఇంజనుకు జతచేసినది ఆరు గేర్ల తడి క్లచ్ రకం. క్లచ్ పళ్ళేలు నూనెలో మునిగి ఉండటంతో వేడిని మెరుగ్గా తట్టుకుంటాయి. దానికి 60,000 కిలోమీటర్లకు ఒకసారి నూనె, ఫిల్టరు మార్చడం తప్పనిసరి. 911లో పీడీకే అనే పేరుతో వచ్చే ఎనిమిది గేర్ల డబుల్ క్లచ్ గేర్‌బాక్సు కూడా తడి క్లచ్ రకమే. రెండింటిలోనూ పాటించవలసిన పద్ధతి ఒకటే: ముందున్న బండి అడుగు కదిలినప్పుడల్లా మనమూ అడుగు కదలకుండా, కాస్త ఖాళీ ఏర్పడనిచ్చి బ్రేకు పూర్తిగా వదిలి కదలాలి. సగం బ్రేకు మీద పాకిస్తే క్లచ్ అరుగుతూనే ఉంటుంది.

మే నెలలో మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు దాటినప్పుడు కూడా రెండింటి ఏసీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టేది చుట్టూ ఉన్న మనుషుల ఆసక్తి. సిగ్నల్ దగ్గర 911ను వీడియో తీయడానికి బైకుల వాళ్ళు అద్దానికి జానెడు దూరంలోకి వస్తారు. వాళ్ళ హ్యాండిల్ తగులుతుందేమోనన్న దిగులుతోనే ప్రయాణం సాగుతుంది. టీటీని ఎవరూ అంతగా పట్టించుకోరు. రోజువారీ బండికి అది పెద్ద సుఖం.

స్పీడ్ బ్రేకర్లు, సెల్లార్ ర్యాంపుల సంగతి?

నియమం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గుండ్రటి వాలుతో ఉండాలి. అలా కట్టినదాని మీద రెండు బండ్లూ తగలకుండా పోతాయి. మన కాలనీల్లో ఒక రాత్రిలో సిమెంటు పోసి కట్టే నిటారు గట్లు వేరు. వాటిని ఏటవాలుగా, ఒక్కో చక్రాన్ని ఎక్కిస్తూ దాటడం అలవాటు చేసుకోవాలి. 911లో ముందు భాగాన్ని దాదాపు 40 మిల్లీమీటర్లు పైకి లేపే ఏర్పాటును ఆప్షన్‌గా ఇస్తారు. హైదరాబాద్‌లో ఉండేవారు తోలు సీట్ల కుట్టు రంగు ఎంచుకునే ముందు దీన్ని ఎంచుకోవాలి. తరువాత బిగించుకోవడం తేలికైన పని కాదు.

సెల్లార్ ర్యాంపే అసలు పరీక్ష. మా అపార్ట్‌మెంటు ర్యాంపు కింది అంచు దగ్గర వాలు హఠాత్తుగా చదునవుతుంది, పైగా అక్కడే వాననీళ్ళ జాలీ ఒకటి ఉంది. 911ను మొదటిసారి దింపిన రోజు మా వాచ్‌మన్ ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ లైటు బంపర్ కిందికి పట్టి, "రానీయండి సార్, రానీయండి, ఆ… ఆపండి" అంటూ వేళ్ళ మందం లెక్కన దింపించాడు. జాలీ అంచుకూ బంపర్ కింది పెదవికీ మధ్య రెండు వేళ్ళు పట్టాయి. టీటీని అదే ర్యాంపులో మొదటి వారమే నా తొందరతో గీసుకున్నాను. కింది నల్ల ప్లాస్టిక్ మీద ఆ గీత ఇప్పటికీ ఉంది, దాన్ని బాగుచేయించలేదు. అదే గీత 911కు పడి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు.

వెనక సీట్లలో పెద్దవాళ్ళు కూర్చోగలరా? సామాను పడుతుందా?

పెద్దవాళ్ళు కూర్చోలేరు. పదేళ్ళలోపు పిల్లలు రెండింటిలోనూ సర్దుకుంటారు. టీటీ వెనక అద్దం తల మీదికి వాలి ఉంటుంది కాబట్టి డిక్కీ తలుపు మూసే ముందు లోపలి తలలు చూసుకోవాలి. సామాను విషయంలో టీటీదే పైచేయి: 290 లీటర్లు, వెనక సీట్లు మడిస్తే 700 లీటర్లు. 911కు ముందు భాగంలో 132 లీటర్ల గూడు మాత్రమే ఉంటుంది. మిగతాది వెనక సీట్ల మీద పెట్టుకోవాలి. మా అమ్మను సంక్రాంతికి ఊరికి తీసుకెళ్ళినప్పుడు రెండు సూట్‌కేసులు, అరిసెల డబ్బా, బియ్యం మూట టీటీలోనే పట్టాయి. దిగేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు ఇంట్లో ఉంటే ఈ రెండింటిలో ఏదీ ఇంటికి ఏకైక బండి కాకూడదు.

పెట్రోలు ఎంత తాగుతాయి? ఇథనాల్ పెట్రోలు వల్ల ఇబ్బంది ఉందా?

మా టీటీ ఊళ్ళో లీటరుకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు, ఔటర్ మీద పదమూడు దాకా ఇస్తుంది. 911 ఊళ్ళో ఐదారుకు మించలేదు, ఔటర్ మీద పది దాటింది. 2025లో హైదరాబాద్‌లో లీటరు ధర 107 రూపాయల పైనే ఉండేది, ఆ లెక్కన 64 లీటర్ల 911 ట్యాంకు నింపితే దాదాపు ఏడు వేలు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయిస్తే ఇంకా పెరుగుతుంది, రెండు ఇంజన్లూ టర్బోవే కాబట్టి పోయించడమే మంచిది.

ఇథనాల్ సంగతి పాత బండి యజమానులు శ్రద్ధగా పట్టించుకోవాలి. లీటరు పెట్రోలుతో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిస్తే ట్యాంకులోని మొత్తం శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది, మైలేజీ కూడా ఆ మేరకు పడుతుంది. పాత టీటీని పది శాతం ఇథనాల్ దాకా దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును దెబ్బతీస్తుంది. అందువల్ల నేను ట్యాంకు నింపి నెలల తరబడి వదిలేయను, ప్రతి సర్వీసులో పెట్రోలు గొట్టాలను చేత్తో వంచి పగుళ్ళున్నాయేమో చూపించమంటాను.

పాత టీటీ కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందుగా ఇంజను ఏ రకమో తెలుసుకోవాలి. తొలి ఏళ్ళలో వచ్చిన 200 పిఎస్ ఇంజన్లలో చాలావాటికి టైమింగ్ బెల్టు ఉంటుంది; అది కిలోమీటర్లతో పాటు వయసు వల్ల కూడా పాతబడుతుంది, ఎప్పుడు మార్చారో బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క. ఆ ఇంజనులో హైప్రెషర్ ఫ్యూయల్ పంపును నడిపే చిన్న ఉక్కు గిన్నె లాంటి భాగం అరిగిపోతుంది. అది చవకైన వస్తువే గాని, చిల్లుపడేదాకా వదిలేస్తే ఇంజను వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్టును తింటుంది. 2010 తరువాతి 211 పిఎస్ ఇంజనుకు బెల్టు బదులు చైన్ ఉంటుంది. ఆ తరంలో చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్, పిస్టన్ రింగుల దగ్గర ఇంజనాయిల్ ఖర్చయ్యే సమస్య వాహన ప్రియులందరికీ తెలిసినవే. అందుకే ఏ పాత టీటీ చూడ్డానికి వెళ్ళినా నేను జేబులో తెల్లటి నూలు గుడ్డ పెట్టుకుని వెళతాను. చల్లటి ఇంజను డిప్‌స్టిక్ తీసి, గుడ్డకు తుడిచి, మళ్ళీ ముంచి తీస్తే నూనె ఎక్కడిదాకా ఉందో, అందులో పెట్రోలు వాసన ఉందో లేదో తెలుస్తుంది. అమ్మే మనిషి మనం వచ్చే ముందే ఇంజను వేడిచేసి పెట్టాడంటే అనుమానించాలి.

రెండోది బాడీ. ఇక్కడి బేరగాళ్ళు పుట్టీ పెట్టారేమో చూడ్డానికి అయస్కాంతం తెస్తారు. రెండో తరం టీటీ బాడీలో సుమారు 69 శాతం అల్యూమినియం, మిగిలినది ఉక్కు. బరువు సమంగా ఉండటం కోసం ఉక్కును వెనక వైపు పెట్టారు. బానెట్ మీద అయస్కాంతం ఎలాగూ అతుక్కోదు. అది చూసి "అంతా పుట్టీయే" అని మంచి బండిని వదిలేసిన వాళ్ళున్నారు. తలుపులు, డిక్కీ ఉక్కువి కాబట్టి వాటి మీదే అయస్కాంతం పనికొస్తుంది. ముందు భాగానికి అల్యూమినియాన్ని కూడా కొలిచే పెయింట్ మీటర్ కావాలి. ముందు భాగం దెబ్బతిన్న బండిని మామూలు షెడ్డులో వెల్డింగ్ చేయించి ఉంటే దాన్ని కొనకండి.

మూడోది అందరూ మరిచిపోయే మేలు. టీటీ పునాది ఆ కాలపు గోల్ఫ్‌ది, మన దగ్గర అదే పునాది మీద స్కోడా లారా, జెట్టా వేల సంఖ్యలో తిరిగాయి. సస్పెన్షన్ బుష్‌లు, బేరింగులు, సెన్సర్ల వంటి అనేక భాగాలను ఆ బండ్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్ చూడగానే గుర్తుపడతాడు. నేను కొన్న కొత్తలో ఒక పెద్ద వర్క్‌షాపు ముందు వైపు శబ్దానికి సస్పెన్షన్ మొత్తం మార్చాలని లక్షల్లో ఎస్టిమేట్ రాసిచ్చింది. లారాలతో ఏళ్ళ తరబడి గడిపిన ఒక షెడ్డు పెద్దాయన ఇనుప కడ్డీ పెట్టి కదిపి చూసి రెండు బుష్‌లు మార్చాడు. ఆ శబ్దం మళ్ళీ రాలేదు.

బండి ధరలో కనీసం నాలుగో వంతు మొత్తాన్ని మొదటి ఏడాది మరమ్మతుల కోసం పక్కన పెట్టుకోలేనివారు పాత టీటీ కొనకపోవడమే మంచిది.

911 నిర్వహణ అంతకంటే ఎంత ఎక్కువ?

చెడిపోవడం తక్కువ, చేయించుకోవడం ఖరీదు. వారంటీలో ఉన్నంతకాలం పెద్ద దిగులు ఉండదు. ఖర్చు అసలు కనిపించేది టైర్ల దగ్గర. 911లో ముందు టైరు 235 మిల్లీమీటర్ల వెడల్పు, 19 అంగుళాల రిమ్ము. వెనక 295, 20 అంగుళాలు. కాబట్టి ముందువి వెనక్కి మార్చుకునే వీలుండదు, వెనకవి తొందరగా అరిగిపోతాయి. టీటీకి నాలుగూ ఒకే కొలత, తిప్పి తిప్పి వాడుకోవచ్చు. 911లో స్టెప్నీ ఉండదు. పంక్చరు పూడ్చే ద్రవం, గాలి పంపు ఇస్తారు. గుంతలో పడి టైరు పక్క గోడ చీలితే ఆ ద్రవం పనిచేయదు, ఫ్లాట్‌బెడ్ లారీ రావలసిందే.

వెనక ఇంజను ఉన్న బండి వానలో జారుతుందంటారు, నిజమేనా?

పాత తరాల గురించి పుట్టిన మాట అది, అప్పట్లో అందులో నిజముంది. మలుపు మధ్యలో హఠాత్తుగా కాలు తీస్తే వెనక భాగం బయటికి విసిరేది. 992లో చక్రాల గూళ్ళలో ఉన్న సెన్సర్లు నీళ్ళు చిమ్మే శబ్దాన్ని విని, రోడ్డు తడిగా ఉందని డ్రైవరును హెచ్చరిస్తాయి. వెట్ మోడ్ పెట్టుకుంటే శక్తి మెత్తగా అందుతుంది. అయినా అంత వెడల్పాటి టైర్లు నిలిచిన నీటి మీద తేలడానికి తొందరపడతాయి. సెప్టెంబరు వానలో ఔటర్ మీద నాకు టీటీలోనే ధైర్యంగా ఉంటుంది.

మోకాలి లోతు నీళ్ళలోకి రెండింటినీ దించకూడదు. పొరపాటున దిగి ఇంజను ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకూడదు. సిలిండర్లలోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. సెల్లార్‌లో నీళ్ళు చేరే భవనమైతే ఆకాశం మబ్బు పట్టగానే బండి పైకి తెచ్చుకోవాలి.

ఇన్సూరెన్స్‌లో తేడా ఎంత?

థర్డ్ పార్టీ ప్రీమియం రెండింటికీ ఒక్కటే. 1,500 సీసీ దాటిన ప్రైవేటు కార్లన్నింటికీ 2022లో దాన్ని ఏడాదికి 7,897 రూపాయలుగా నిర్ణయించారు, దాని మీద పన్ను అదనం. తేడా అంతా సొంత నష్టం భాగంలోనే ఉంటుంది. ఐదేళ్ళు దాటిన బండి విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి కాబట్టి టీటీ యజమాని ఏజెంటు రాసిన అంకెకు తలూపకుండా అడిగి రాయించుకోవాలి. 911కు జీరో డెప్ (భాగాల తరుగుదల కోయకుండా పూర్తి ధర ఇచ్చే కవరు), ఇంజను రక్షణ కవర్లు లేకుండా రోడ్డెక్కవద్దు.

టీటీకి పదిహేనేళ్ళు నిండితే ఏం చేయాలి? ఢిల్లీ బండి చవకగా వస్తే కొనవచ్చా?

పదిహేనేళ్ళకు ఆర్‌సీ గడువు ముగుస్తుంది. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టి, ఆర్టీఏలో బండిని చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్ళకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజు మామూలు కారుకు 5,000 రూపాయలు, దిగుమతి వాహనంగా నమోదైన దానికి 40,000 రూపాయలు. కాబట్టి పద్నాలుగేళ్ళ టీటీ బేరమాడేటప్పుడు ఆర్‌సీలో ఆ వివరం చూసుకుని మాట్లాడాలి. ఆలస్యమైతే నెలకు 500 చొప్పున పడుతుంది.

ఢిల్లీ పరిసరాల్లో పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లన్నింటిపై నిషేధం ఉన్న రోజుల్లో అక్కడివారు గడువుకు ముందే చవకగా వదిలించుకునేవారు. అలా చవకగా దొరికినా, అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, మళ్ళీ రిజిస్టర్ చేయించుకునేసరికి ఆ చవకలో చాలా భాగం కరిగిపోతుంది. చెన్నై నుంచి వచ్చిన బండి అయితే 2015 డిసెంబరు వరదల్లో మునిగిందేమో, కార్పెట్ల కింద సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయేమో చూడాలి.

మీరైతే ఏది ఎంచుకుంటారు?

నేను టీటీతోనే ఉన్నాను, డబ్బు చేతికొచ్చినా ఈ నగరంలో ఉన్నంతకాలం దానితోనే ఉంటాను. 911 నాకు నచ్చకపోవడం వల్ల కాదు. నేను నడిపిన వాటిలో అంత పూర్తిగా ఆలోచించి కట్టిన యంత్రం మరొకటి లేదు. నెలకు రెండుసార్లు తెల్లవారుజామున దాన్ని తీసినప్పుడు కలిగే ఆనందం నిజమైనదే. కానీ నా బతుకు దారిలో ఉన్నవి ర్యాంపులు, సిగ్నళ్ళు, అమ్మ ఆసుపత్రి, సూపర్‌మార్కెట్ పార్కింగ్. వాటన్నింటికీ నేను టీటీ తాళం తీసుకుంటాను, ఆ కొద్ది దూరాల్లో కూడా రెండు తలుపుల బండి నడిపే తృప్తి నాకు దొరుకుతుంది. అన్నయ్య పరిస్థితి వేరు: ఇంట్లో మరో రెండు బండ్లున్నాయి, సొంత గ్యారేజీ ఉంది, ఏడాదికి ఒకసారి ట్రాక్ మీదికి తీసుకెళతాడు. అతని ఎంపిక అతనికి సరైనదే.

టెస్ట్ డ్రైవ్ ఏ దారిలో చేయాలి?

షోరూమ్ వాళ్ళు చూపించే ఖాళీ రోడ్డు మీద కాదు. ముందురోజే ఇంజను చల్లగా ఉంచమని చెప్పి ఉదయాన్నే వెళ్ళండి. మీ సొంత సెల్లార్‌లోకి దింపి, మీ స్లాట్‌లో పెట్టి, పక్క బండికి తగలకుండా ఆ పొడవాటి తలుపు తెరిచి దిగగలుగుతున్నారేమో చూడండి. మీ కాలనీలో అన్నింటికంటే ఎత్తైన గట్టు దాటించండి. తొమ్మిదిన్నరకు మీరు రోజూ వెళ్ళే దారిలో ఇరవై నిమిషాలు పాకించి, గేర్‌బాక్సు వేడెక్కాక అదిరిందేమో గమనించండి. ఆ తరువాతే ఔటర్ ఎక్కండి. తిరిగొచ్చాక ఇంట్లో పెద్దవాళ్ళను పక్క సీట్లో కూర్చోబెట్టి, వాళ్ళంతట వాళ్ళను దిగమనండి.